చిన్నమూతి సీసా

మార్చి పద్నాలుగు, గురువారం. ఆ పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు. గుడ్డు ఒలవడం నాకు ఇప్పటికీ చేతకాదు. పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడి వచ్చేస్తుంది. చన్నీళ్లలో వేసి ఒలవాలని మా ఆవిడ పోయిన ఏడాదికి గానీ నాకు తెలియలేదు. తెలిశాక కూడా అంతసేపు ఆగే ఓపిక లేదు. తారీఖు ఇంత బాగా గుర్తుండిపోవడానికి కారణం మాత్రం గుడ్డు కాదు. ఆ సాయంత్రం ఐదింటికి ఒక మనిషిని హత్యానేరం మీద తీసుకుపోతామని ఇన్‌స్పెక్టర్ ముహూర్తం పెట్టుకున్నాడు.

ఆ మనిషి కీటక పరిశోధనశాలలో నల్లులు పెంచే ఆవిడ. పదకొండేళ్లుగా అదే పని. అందరూ నల్లులక్క అనేవారు. ఆవిడ కూడా ఆ పేరుకి పలికేది, కోపం తెచ్చుకునేది కాదు.

చనిపోయిందని పోలీసులు అంటున్నది అక్కడి పరిశోధకురాలు. అందరికీ మేడమ్. ఫిబ్రవరి ఎనిమిది, గురువారం ఉదయం తొమ్మిదీ ఐదుకి ఆవిడ లోపలికి వచ్చినట్టు గేటు పుస్తకంలో ఉంది. బయటికి వెళ్లినట్టు లేదు. అప్పటికి ఐదు వారాలు.

అంతకు వారం ముందే ఆవిడని వెతకడానికి నన్ను పెట్టుకున్నది మేడమ్ భర్త. ఆయన ఆ పరిశోధనశాలకే పెద్ద, ప్రొఫెసర్. రిటైరైన పోలీసువాణ్ని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని ఒకటే మాట అన్నాడు. "చనిపోలేదు సార్. ఎవరితోనో ఉంది. ఎక్కడుందో కనుక్కోండి, చాలు."

ఊళ్లో అందరూ ఆవిడ చచ్చిపోయిందంటుంటే ఆయనొక్కడే బతికుందని నమ్ముతున్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద జాలి కన్నా ముందు అసూయ పుట్టింది. నా భార్యని ఎవరు వెతికిపెట్టగలరు? ఆయన భార్య ఇంకొకడితో ఉంటే ఉండనీ, ఎక్కడో ఒకచోట ఉంది. ఆ కుళ్లుతోనే ఈ కేసు ఒప్పుకున్నానేమో.

*

పదీ పదికి నేను వెళ్లేసరికి ఇన్‌స్పెక్టర్ వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు. ఇప్పుడు నా గదిలో, నా కుర్చీలో కూర్చుంటాడు. పక్కన మూడు గిన్నెల క్యారియర్. భార్య కట్టి పంపుతుంది, ఒంటిగంటకి ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది. ఆయనేమో విసుక్కుంటాడు. ఆ విసుగు చూస్తే నాకు కడుపులో మండేది.

"రండి గురువుగారూ. సాయంత్రానికి అయిపోయే కేసుకి పొద్దున్నే శ్రమపడ్డారు," అన్నాడు.

ఇల్లలకగానే పండగ కాదు నాయనా అన్నాను. ఆయన నవ్వి, తన దగ్గరున్నవి ఒక్కొక్కటే చెప్పాడు. నల్లుల గది తలుపు అంచున ఉండే రబ్బరు మడతలో, కింది భాగంలో, ఎండిన నెత్తురు దొరికింది. అది మేడమ్‌దేనని పరీక్షలో తేలింది. ఎనిమిదో తారీఖు సాయంత్రం ఆరుంబావుకి నల్లులక్క ఆ గది నేల కడిగింది. ఆరూ ముప్పై ఐదుకి ఉతకడానికి వేసే తెల్లకోట్ల బండి తోసుకుంటూ వెనక గేటు దాటింది. బండిలో కోట్లే ఉన్నాయని ఎవరూ ఎత్తి చూడలేదు. సాయానికి ఇంకో పనిమనిషి తోసిందని గేటు మనిషి అంటున్నాడు, ఎవరో తెలీదు. నల్లులక్క బీరువాలో పది మాత్రల ఖాళీ అట్ట ఒకటి దొరికింది. ఏదో ఇన్ఫెక్షన్‌కి వేసుకునే బిళ్లలు. తనకి జబ్బేమీ లేదని ఆవిడే ఒప్పుకుంది, కాబట్టి అవి మేడమ్‌కే ఎలాగో మింగించి ఉంటుందని ఆయన లెక్క.

మరి చంపాల్సిన అవసరం? ఆయన దానికీ సిద్ధంగా ఉన్నాడు. అసూయ, అన్నాడు. మేడమ్ వచ్చేదాకా ఆ గదికి నల్లులక్కే మహారాణి. నల్లులన్నీ ఆవిడ చేతి నెత్తురే తాగేవి. మేడమ్ వచ్చి మంచి జాతిని వేరు చేసి, తన చేతి మీద పెంచుకుని, పేరు తెచ్చుకుంది. ఈవిడ కళ్లలో నిప్పులు పోసుకుంది. "ఏ పుట్టలో ఏ పాముందో తమరే నేర్పారు కదా."

నేర్పాను. శవం దొరక్కుండా హత్య రాయొద్దని కూడా నేర్పాను, అది మర్చిపోయినట్టున్నాడు.

*

పదకొండింటికి ప్రొఫెసర్ గదిలో కూర్చున్నాను. కేసు మొదలైన ఫిబ్రవరి పది నుంచీ నల్లుల గదికి పోలీసు తాళం. పురుగులు చావకుండా నల్లులక్కని మాత్రం రోజూ ఒక గంట వదులుతున్నారు. అసలు కొత్త సంవత్సరం వచ్చాక తను ఆ గది వైపే వెళ్లలేదన్నాడు ప్రొఫెసర్. తొమ్మిదో తారీఖంతా ఇంట్లోనే ఉన్నాడట, ఆవిడ వస్తుందేమోనని.

ఆవిడ చేసే పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మంచి మాస్టారు, మొద్దుబుర్రకి కూడా ఎక్కేలా చెప్పగలడు.

నల్లి పుట్టింది మొదలు చచ్చేదాకా తాగేది నెత్తురొక్కటే. నెత్తురులో బలం ఉంటుంది గానీ కొన్ని విటమిన్లు ఉండవు. ఆ లోటు తీర్చేది నల్లి కడుపులో చిన్న సంచుల్లో కాపురముండే ఒక బాక్టీరియా. నల్లి దానికి చోటిస్తుంది, అది నల్లికి విటమిన్ వండిపెడుతుంది. తల్లి నల్లి ప్రతి గుడ్డులోనూ కాస్త బాక్టీరియా పెట్టి పంపుతుంది, కాబట్టి పిల్ల పుట్టేసరికే వంటమనిషి సిద్ధంగా ఉంటుంది.

అద్దెకున్నవాడు డబ్బుకి బదులు వంట చేసి పెడుతున్నాడన్నమాట, అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ బాక్టీరియా చస్తే ఏమవుతుందని అడిగాను.

నల్లి వెంటనే చావదన్నాడు. తాగుతూనే ఉంటుంది, కడుపు నిండుతూనే ఉంటుంది. కానీ పిల్లలు ఎదగవు. ఆడవి పెట్టే గుడ్లు తగ్గిపోతాయి, పెట్టినవి కూడా ముడుచుకుపోయి పొదగవు. అన్ని మందులకీ ఆ బాక్టీరియా చావదు, కొన్నిటికే. అలాంటి మందు వేసుకున్న మనిషి నెత్తురు నల్లి తాగితే, ఆ మందు నల్లి కడుపులోకి కూడా పోతుంది. అందుకే ఈ గదిలో చేయిచ్చేవాళ్లు మాత్ర వేసుకునే ముందు అట్ట మీద పేరు చూసుకోవడం నియమం.

తర్వాత ఆయన కిటికీ వైపు చూస్తూ, నేను అడక్కుండానే అన్నాడు. "ప్రతి గురువారం నాలుగింటికి ఆ సీసాకి చేయి ఇచ్చేది. పది నిమిషాలు. కళ్లార్పకుండా దాన్నే చూసేది. మా పెళ్లయి తొమ్మిదేళ్లు సార్. నా చేయి పది నిమిషాలు పట్టుకుని కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు."

అప్పటికి ఆ మాట నాకు గుండెల్లో దిగింది. పాపం అనుకున్నాను. మగవాడు నల్లి మీద అసూయపడే స్థితికి వచ్చాడంటే ఎంత ఒంటరివాడో అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

*

పన్నెండున్నరకి ఇన్‌స్పెక్టర్ తాళం తీయించాడు. తను క్యారియర్ విప్పుకోవడానికి వెళ్తూ, కానిస్టేబుల్‌తో నల్లులక్కకి టీ చెప్పించాడు, ఆవిడకి చక్కెర పడదు వేయొద్దని కూడా అన్నాడు. ఎన్ని అన్నా వాడిలో ఆ గుణం ఉంది. ఐదింటికి సంకెళ్లు వేయబోయే మనిషి టీలో చక్కెర సంగతి గుర్తుపెట్టుకునేవాళ్లు ఎక్కువమంది ఉండరు.

గది చిన్నది, వెచ్చగా ఉంది. గోడ పొడవునా అరలు, అరల్లో గాజు సీసాలు, మూతికి సన్నని నైలాన్ వల, లోపల మడతలు పెట్టిన కాగితం. ఆ మడతల మీదే నల్లుల కాపురం. ఇప్పుడు పురుగులున్నవి మాత్రం రెండు సీసాలే. తాగించే పద్ధతి నల్లులక్క చూపించింది. సీసాని ముందు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టింది, చలికి ముడుచుకున్నవి కదలాలని. తర్వాత బోర్లించి ముంజేతికి ఆనించి గుడ్డతో కట్టింది. వల కన్నాల్లోంచి ముక్కులు చాపి తాగుతాయి. తీశాక చర్మం మీద సీసా మూతి గుండ్రంగా ముద్ర పడుతుంది, లోపలంతా ఎర్రటి చుక్కలు. వారం పది రోజులదాకా పోదు.

"నొప్పి పుట్టదా అమ్మా?"

"పిల్లలు పాలు తాగేటప్పుడు కొరకవా అన్నయ్యగారూ? ఇవీ అంతే," అంది. పిల్లలు లేని మనిషి.

మేడమ్ సీసా ఏదని అడిగాను. చూపించడానికి ఆవిడ ఒక్క క్షణం ఆలస్యం చేసింది. మిగతావన్నీ టీ కప్పంత మూతివి. ఇది మాత్రం మందు సీసాలా చిన్నమూతిది. మేడమ్‌ది సన్నని చేయి, పెద్దమూతి సరిగ్గా ఆనేది కాదట. ఈ ఐదు వారాలూ దీనికి ఎవరు తాగించారని అడిగితే, తడుముకోకుండా నేనే అంది.

భూతద్దం తీసుకుని చూశాను. తిండి లేని నల్లి కాగితం ముక్కలా పలచగా ఉంటుందని ప్రొఫెసర్ చెప్పాడు. ఇవి పలచగా లేవు, నల్లగా పొట్టలున్నాయి. వారం కిందట తాగినట్టున్నాయి. కాబట్టి ఎవరో తాగిస్తున్న మాట నిజం. కానీ పిల్లనల్లులు ఎప్పుడో ఆగిపోయినట్టు ఒకే సైజులో ఉన్నాయి. కాగితం మడతల్లో గుడ్లు పదో పదిహేనో, అన్నీ ఎండిన బియ్యపు నూకల్లా ముడుచుకుపోయి. పొద్దున నేను పాడుచేసిన గుడ్డు గుర్తొచ్చింది.

దాని పక్కనే నల్లులక్క సీసా, పెద్దమూతిది. అందులో చిన్నవి, పెద్దవి, నడిమివి, కాగితం నిండా ముత్యాల్లాంటి గుడ్లు. పండిన చేను పక్కన ఎండిన చేను లాగా ఉన్నాయి ఆ రెండు సీసాలూ.

చేతులు చూపించమన్నాను. ఆవిడ రెండు చేతులూ మోచేతి దాకా చాపింది. ఎడమ చేతి మీద రెండు ముద్రలు, పాతది ఒకటి, కొత్తది ఒకటి. రెండూ టీ కప్పంతవి. కుడి చేయి శుభ్రంగా ఉంది. కాళ్లకి ఎప్పుడూ కట్టదని ఇందాక పద్ధతి చూపిస్తూ తనే చెప్పింది. మందు సీసా మూతంత చిన్న ముద్ర ఎక్కడా లేదు.

ఆవిడ కొంగు సర్దుకుని సీసాని తిరిగి అరలో పెట్టింది. కానీ తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో ముప్పై మూడేళ్లు చూసినవాణ్ని.

అక్కడే నిలబడి లెక్క చూసుకున్నాను. పెద్ద సీసా నల్లులు పచ్చగా ఉన్నాయంటే, వాటికి నెత్తురిచ్చే నల్లులక్క ఏ మందూ వేసుకోలేదు. బీరువాలోని అట్ట ఆవిడది కాదు. చిన్న సీసా నల్లులు గొడ్డుపోయాయంటే, వాటికి నెత్తురిచ్చే మనిషే ఆ మాత్రలు మింగింది. చిన్నమూతి సీసాకి ఆనే సన్నని చేయి ఈ భవనంలో ఒకటే ఉండేది.

మేడమ్ బతికే ఉంది. పోయిన గురువారానికి కూడా బతికే ఉంది. ఎనిమిదో తారీఖు సాయంత్రం బండి తోసిన ఆ ఇంకో పనిమనిషి ఆవిడే. సీసా గురువారం సాయంత్రం నల్లులక్క వెంట, బహుశా టిఫిన్ డబ్బాలో, ఇంటికి వెళ్తోంది, శుక్రవారం పొద్దున తిరిగొస్తోంది.

సంతోషించాల్సిన చోట ఇంకో ప్రశ్న పుట్టింది. ఆవిడ దాక్కుంది ఎవరి నుంచి? ఇన్ఫెక్షన్ మాత్రలు దేనికి? తలుపు దగ్గరికి వెళ్లాను. వెచ్చదనం పోకుండా వేసిన బరువైన ఇనుప తలుపు, అంచంతా బూడిదరంగు రబ్బరు. నడుము ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా ఒక మూర ముక్క మాత్రం కొత్తది. దాని కిందే, పాత రబ్బరు మడతలో పోలీసులకి నెత్తురు దొరికింది. నెత్తురు కింద పుట్టలేదు, పైనుంచి జారింది. ఆ ఎత్తున మనిషికి ఉండేది చాపిన ముంజేయి.

రెండున్నరకి మరమ్మతుల షెడ్డుకి వెళ్లాను. అక్కడి మేస్త్రీ పాత చీటీలన్నీ మేకుకి గుచ్చి పెట్టుకుంటాడు, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. నల్లుల గది తలుపుకి రబ్బరు ముక్క మార్చమన్న చీటీ మీద తారీఖు ఫిబ్రవరి తొమ్మిది, టైము ఉదయం ఎనిమిదిన్నర. కింద ప్రొఫెసర్ సంతకం. ఆ రోజంతా ఇంట్లోనే ఉన్న ప్రొఫెసర్. ఆ గది వైపే వెళ్లని ప్రొఫెసర్.

పది నిమిషాలు చేయి పట్టుకోలేదని నాతో చెప్పుకున్న మనిషి, ఆ చేయి తలుపు సందులో ఉండగా తలుపు మూశాడు. నేనేమో వారం రోజులుగా ఆయన కోసమే ఆవిడని వెతుకుతున్నాను.

*

మూడున్నరకి ఇన్‌స్పెక్టర్ అందరినీ నల్లుల గదిలోకి పిలిచాడు. నేనేమైనా చెప్పే లోపే ప్రొఫెసర్‌ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఐదు వారాల తర్వాత ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే. బల్ల మీద మాత్రల అట్ట, పరీక్ష కాగితం, బండి ఫొటో వరసగా పేర్చి, నల్లులక్కతో నెమ్మదిగానే చెప్పాడు. నిజం చెబితే మాట సాయం చేస్తానన్నాడు. లేకపోతే ఐదింటికి బయల్దేరాలన్నాడు.

నల్లులక్క పెదవి విప్పలేదు. ఒక్క మాట చెబితే చాలు, విడిచిపెడతారు. కానీ ఆ మాట ప్రొఫెసర్ చెవిలో కూడా పడుతుంది. జైలుకి పోవడమా, ఇంట్లో ఉన్న మనిషి సంగతి బయటపెట్టడమా అని ఆవిడ ఎప్పుడో తేల్చుకుంది. ఆ సంగతి ఆ గదిలో నాకూ ఆవిడకీ మాత్రమే తెలుసనుకున్నాను.

నేను అడ్డుపడ్డాను. శవం లేదు, సాక్షి లేడు, అట్ట, కాస్త ఎండిన నెత్తురు తప్ప ఆధారం లేదు అన్నాను.

"తమకి వయసు మీద పడింది గురువుగారూ. ఆడమనిషి కన్నీళ్లు పెట్టుకుంటే కరిగిపోతున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆవిడ ఏడవలేదు. నువ్వు చూడలేదు, అంతే."

ఆయన మొహం ఎర్రబడింది. ఈ కుర్చీ పోయిందన్న కడుపుమంటతోనే నేను ప్రతి కేసులోనూ పుల్ల పెడుతున్నానని అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు.

మేమిద్దరం అలా పోట్లాడుకుంటుండగా ప్రొఫెసర్ అలవాటు కొద్దీ అర దగ్గరికి వెళ్లాడు. భూతద్దం తీసుకున్నాడు. చిన్నమూతి సీసా వెలుగుకి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న పెద్ద సీసా చూశాడు. తర్వాత బల్ల మీది మాత్రల అట్ట వైపు తలతిప్పి, పేరు చదివాడు. నేను నాలుగు గంటలు పట్టి చదివిందాన్ని ఆయన నాలుగు నిమిషాల్లో చదివేశాడు. భూతద్దం చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"చెల్లెమ్మా," అన్నాడు నల్లులక్కతో, ఎంతో ఆప్యాయంగా. "మీ ఇల్లు ఇంకా ఆ ఐస్ ఫ్యాక్టరీ వెనకేనా?"

నల్లులక్క ఒకసారి నా వైపు చూసింది. అవునని తల ఊపింది. ఇంకేం చేస్తుంది.

*

ఇన్‌స్పెక్టర్‌ని చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్లాను. అప్పుడు నాలుగుంబావు. చీటీ చేతిలో పెట్టాను. కొత్త రబ్బరు సంగతి, రెండు సీసాల సంగతి, ముద్రల సంగతి చెప్పాను. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. భార్య. ఒంటిగంటకి ఎత్తలేదని మళ్లీ చేస్తోంది, ఆయన నొక్కేయబోయాడు.

"ఎత్తు నాయనా," అన్నాను. "ఎత్తగలిగిన రోజుల్లోనే ఎత్తాలి."

ఆయన నా మొహం చూసి, ఎత్తాడు. తిన్నాను అన్నాడు. వంకాయ బాగుందన్నాడు. పెట్టేశాక చీటీ మళ్లీ చదివాడు. తప్పు ఒప్పుకోవడం పోలీసువాడికి పన్ను పీకించుకోవడంతో సమానం. పీకేటప్పుడు పక్కవాడు మాట్లాడకూడదు.

"ఈ చీటీతో ఆయన్ని ప్రశ్నలకి పిలవగలను," అన్నాడు చివరికి. "ఒక్క రాత్రి కూర్చోబెట్టగలను. ఆవిడ వచ్చి చెబితే తప్ప అంతకు మించి నావల్ల కాదు."

"ఆవిడ చెబుతుంది. నేను మాట్లాడతాను."

"కేసు మాత్రం నా పేరు మీదే వెళ్తుంది గురువుగారూ."

నీ పేరు మీదే వెళ్లనీ అన్నాను. అన్న తర్వాత కాస్త నొప్పి పుట్టిన మాట కూడా దాచను.

నల్లులక్కని వదిలేశారు. రెండు సీసాలూ గుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుంటుంటే ఇన్‌స్పెక్టర్ గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాడు, ఏమీ కనిపించనట్టు.

*

ఆరింటికి ఆవిడ ఇల్లు చేరాం. రెండు గదులు, ముందు మూడు మెట్లు. లోపలి గదిలో మంచం మీద మేడమ్ కూర్చుని ఉంది. కుడి ముంజేయి గుడ్డతో మెడకి కట్టి ఉంది, వేళ్లు ఇంకా వాచే ఉన్నాయి. ఎడమ చేతి మీద చిన్న గుండ్రటి ముద్ర, పక్కన మాసిపోతున్న ఇంకొకటి. నేనెవరో నల్లులక్క చెప్పింది. నా మొదటి ప్రశ్న కన్నా ముందు ఆవిడ ప్రశ్న వచ్చింది.

"గుడ్లు ఎన్ని ఉన్నాయి?"

చెప్పడం నా వంతు అయింది. చెప్పాను. అట్ట మీద పేరు కూడా చెప్పాను.

ఆవిడ కళ్లు మూసుకుంది. తను వేరే మందు పేరు రాసిచ్చిందట, ఆ బాక్టీరియాని ఏమీ చేయనిది. మందుల షాపులో అది లేదు. రెండూ ఒకటేనమ్మా అని షాపువాడు ఇంకోటి ఇచ్చాడు. గేటు దగ్గర సంచి తడిమితే అట్ట గలగలమంటుందని నల్లులక్క మాత్రలు అట్టలోంచి తీసేసి కాగితంలో పొట్లం కట్టింది. అట్ట చెత్తబుట్టలో వేస్తే ఎవరి కంటైనా పడుతుందని బీరువాలో దాచింది. ఆ పేరు చదివి మాత్రలు మానేయగల మేడమ్ కంట ఆ అట్ట పడనే లేదు. ఆ జ్వరంలో, ఆ నొప్పిలో, గురువారం వచ్చిందని తన చేతులారా సీసా కట్టుకుంది.

"ఏడేళ్లు," అంది నెమ్మదిగా. "చేయి విరిగినప్పుడు కూడా ఇంత అనిపించలేదు. ఆయన అడిగేవారు, నీకు నేను ఎక్కువా ఆ పురుగులు ఎక్కువా అని. ఆ రోజు సీసా అరలో పెట్టడానికి తలుపు సందులోంచి చేయి చాపాను. ఆయన తలుపు నొక్కి పట్టి, జవాబు చెప్పేదాకా తీయనన్నారు. చేయి అందులో ఉండగానే."

నల్లులక్క డబ్బాలోంచి పెద్దమూతి సీసా తీసి మంచం మీద పెట్టింది. తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఇవి కూడా నీవేనమ్మా. పోయినేడు నీ సీసాలోంచి పన్నెండు తీశాను. నువ్వు వచ్చాక నా చేయి ఎవరికీ అక్కర్లేకపోయింది కదా, ఓర్వలేకపోయాను. నా నెత్తురుతో నీకన్నా బాగా పెంచి చూపిద్దామని. కుళ్లుతో చేసిన పని. మొహం చెల్లక ఇన్నాళ్లూ చెప్పలేదు."

మేడమ్ సీసా అందుకుని దీపం వైపు ఎత్తి చూసింది. ముత్యాల్లాంటి గుడ్లు. చూసినంతసేపు చూసి, సీసా ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేయి చాపి నల్లులక్క ముంజేయి పట్టుకుంది. ఆ టీ కప్పంత ముద్ర మీదే పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. మనిషి పడ్డ అసూయ మనిషికే అక్కరకొచ్చిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే.

పొద్దున్నే స్టేషన్‌కి వచ్చి అంతా చెప్పడానికి మేడమ్ ఒప్పుకుంది. నేను బయటికి వచ్చి చెప్పులేసుకుంటుండగా ఫోన్ మోగింది. ఆరూ యాభై. ఇన్‌స్పెక్టర్.

"గురువుగారూ, ప్రొఫెసర్ గది ముందు కానిస్టేబుల్‌ని పెట్టాను, ఇప్పుడు పిలవడానికి వెళ్లాను. గదిలో లేడు. కిటికీలోంచి దిగి ఐదున్నరకే వెనక గేటు దాటాడట. నేను బయల్దేరాను. ఇరవై నిమిషాలు పడుతుంది. మీరక్కడే ఉండండి."

ఉంటానన్నాను. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఐస్ ఫ్యాక్టరీ గోడ, ఆ గోడ పక్కన ఆగిన ఒక కారు. మేం వచ్చినప్పుడు ఆ కారు లేదు. దీపాలు ఆర్పి ఉన్నాయి, లోపల ఎవరో ఉన్నారు.

వెనక్కి వెళ్లి లోపల చెప్పలేదు. ఆ ఇద్దరూ ఇంకా ఆ సీసా వైపే చూస్తున్నారు, ఐదు వారాల్లో వాళ్లకి దొరికిన మొదటి మంచి గంట అది. గడియ పెట్టుకోమ్మా, నేను కాసేపు ఇక్కడే గాలికి కూర్చుంటాను అని మాత్రం అన్నాను. చేతికర్ర మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని పై మెట్టు మీద, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాను. కారు తలుపు తెరుచుకుంది.

నేను నైట్‌డ్యూటీ చేసి వచ్చి పడుకున్న రోజుల్లో మా ఆవిడ గది తలుపు ఒక చేత్తో అంచు పట్టుకుని, చెక్కకి చెక్క తగలకుండా మూసేది. నా వెనక నల్లులక్క అచ్చం అలాగే, లోపలున్న మనిషి ఉలిక్కిపడకుండా, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి గడియ పెట్టింది.